కారు ఏసీలో వంటగ్యాస్ కొట్టించమంటున్న ఆ మెసేజ్ గురించి

ఈ వేసవిలో ఒకటే మెసేజ్ నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. మా బావ పంపాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు పడింది, చివరికి నిన్న మా నాన్నగారే "ఇది చూశావా, మన మారుతికి పనికొస్తుందేమో" అని పంపారు. ఆయన దగ్గరి దాకా వచ్చాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మెసేజ్ చూడనివాళ్ల కోసం క్లుప్తంగా. పాత కారుకి కొత్త కంప్రెసర్, కొత్త కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందు జాలీ), పెద్ద ఫ్యాను వేయించినా ఏసీ చల్లబడకపోతే మెకానిక్‌కి మళ్లీ డబ్బు పోయకండి, ఈ ఏడు పనులు చేసుకోండి అని ఉంటుంది. ఎక్కగానే అద్దాలు దించితే బెంజీన్ పోయి కూలింగ్ పెరుగుతుందట. ఏసీ ఎప్పుడూ బయటి గాలి మోడ్‌లోనే నడపాలట. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించాలి, ఇంజన్ థర్మోస్టాట్ (ఇంజన్ నీళ్ల వేడిని అదుపులో ఉంచే వాల్వ్) పీకించేయాలి, ఏటా ఎండాకాలం ముందు గ్యాస్ టాపప్ చేయించాలి, కండెన్సర్ మీద నీళ్లు పోయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇప్పుడు ఏసీలో ఉండే ఆర్134ఏ గ్యాస్ తీసేయించి వంటగ్యాస్ కొట్టించాలి: "సగం ఖర్చు, రెట్టింపు చల్లదనం, లీకైతే వాసన వస్తుంది కాబట్టి భయం లేదు." కింద మామూలే, పది మందికి పంపండి అని.

చిన్నవాటితో ముందు అయిపోదాం. ఎండలో ఉన్న కారు ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించడం మంచిదే, లోపలి వేడిగాలి పోతుంది, అంతే. బెంజీన్ కథకీ కూలింగ్‌కీ సంబంధం లేదు. బయటి గాలి మోడ్ అనేది శుద్ధ తప్పు, 44 డిగ్రీల గాలిని లోపలికి లాగి చల్లబరచమంటే ఏ ఏసీ అయినా ఏం చేస్తుంది? లోపలి గాలినే తిప్పే మోడ్‌లో పెట్టండి. నల్ల ఫిల్మ్‌లు వేయకూడదని సుప్రీంకోర్టు 2012లోనే తీర్పు ఇచ్చింది, ఎండ ఎక్కువగా ఉంటే కారు ఆపాక సన్‌షేడ్ పెట్టుకోండి.

థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఏసీకి ఒరిగేదేమీ ఉండదు. నిజంగా ఇంజన్ నీళ్ల వేడి వల్లే ఏసీ పాడవుతోందని అనుమానం ఉంటే చూడాల్సింది హీటర్ కేబుల్, అంటే హీటర్‌లోకి ఇంజన్ వేడినీళ్లు వదిలే వాల్వ్‌ని తిప్పే తీగ. కూలింగ్ కాయిల్ మార్చడానికి డాష్‌బోర్డు విప్పినప్పుడు ఆ కేబుల్‌ని సరిగ్గా బిగించకపోవడం చాలా మామూలు. హీటర్ వాల్వ్ కాస్త తెరుచుకుని ఉన్నా, కాయిల్ చల్లబరిచిన గాలిని పక్కనే హీటర్ మళ్లీ వేడి చేస్తూ ఉంటుంది. కొత్త పార్టులన్నీ వేయించాక ఏసీ నీరసంగా ఉందంటే నేను మొదట చూసేది అదే, దానికి పైసా ఖర్చు లేదు.

ఇక టాపప్. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. ఏటా తగ్గుతోందంటే లీకు ఉన్నట్టు, లీకు పట్టకుండా ఏటా కొట్టించడం అంటే ఏటా గాల్లోకి వదలడం. ముఖ్యంగా పాత కార్ల సంగతి. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2010 కల్లా మన దేశంలో ఆర్12 అనే పాత ఏసీ గ్యాస్ ఆగిపోయింది కాబట్టి మా నాన్నగారి 1994 మారుతి 800 లాంటి కార్లన్నిటినీ ఆర్134ఏకి మార్చుకోవాల్సి వచ్చింది. మార్చేటప్పుడు ఆయిల్ మార్చాలి, ఎందుకంటే పాత మినరల్ ఆయిల్ ఈ గ్యాస్‌తో కలిసి తిరగదు, కంప్రెసర్‌కి తిరిగి చేరదు. గ్యాస్‌లో తేమ పీల్చే డ్రయర్ మార్చాలి, అతుకుల దగ్గరి రబ్బరు ఓ-రింగులు మార్చాలి, పైపుల్లోని గాలీ తేమా పోయేలా కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి. గ్యాస్ బరువు పాతదాంట్లో 80 నుంచి 90 శాతం దాకా చాలు. పైగా పక్కపక్కనే సన్నటి గొట్టాలుండే కొత్త ప్యారలల్ ఫ్లో కండెన్సర్ వేస్తే అందులో పట్టే గ్యాస్ ఇంకా తక్కువ. కానీ చాలాచోట్ల ఇప్పటికీ ఆర్12 రోజుల అలవాటు ప్రకారం డ్రయర్ మీదుండే చిన్న అద్దంలో బుడగలు పోయేదాకా కొడుతూనే ఉంటారు. ఆర్134ఏకి ఆ లెక్క పనికిరాదు, గ్యాస్ సరిపడా ఉన్నా అద్దంలో నురగ కనిపించొచ్చు. అలా ఎక్కువైపోతే ప్రెషర్ పెరిగి కూలింగ్ ఇంకా తగ్గుతుంది, తగ్గింది కదా అని మళ్లీ టాపప్ చేయిస్తారు. గ్యాస్‌ని తూకం వేసి కొట్టమనండి.

ఇప్పుడు అసలు విషయం, వంటగ్యాస్.

ముందే ఒప్పుకుంటాను, వంటగ్యాస్ కొట్టిస్తే ఏసీ చల్లబడుతుంది. బాగానే చల్లబడుతుంది. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ రెండూ మంచి రిఫ్రిజరెంట్లే, అంటే చల్లబరచడానికి పనికొచ్చే గ్యాస్‌లే. మన ఇళ్లలో కొత్త ఫ్రిజ్‌లలో ఉండేది బ్యూటేన్‌లోనే ఒక రకమైన ఐసోబ్యూటేనే, గోద్రెజ్ వాళ్లు 2012లోనే ప్రొపేన్‌తో నడిచే ఇంటి ఏసీలు అమ్మకానికి తెచ్చారు. దీన్ని చూపించే "మరి ఫ్రిజ్‌లో లేదా?" అని నాతో వాదిస్తున్నారు. ఫ్రిజ్‌లో ఉండేది మామూలుగా వంద గ్రాముల లోపు, అదీ శుద్ధి చేసిన, తేమ లేని గ్యాస్, వెల్డింగ్ చేసి మూసేసిన పైపుల్లో కదలకుండా ఒక మూల ఉంటుంది. కారులో రబ్బరు గొట్టాలు, ఓ-రింగులు, తిరిగే షాఫ్టుకి ఒక సీలు, రోజంతా గుంతల్లో కుదుపులు. పైగా ఆ గ్యాస్ తిరిగే కూలింగ్ కాయిల్ ఎక్కడుంది? డాష్‌బోర్డు కింద, మీ పిల్లలు కూర్చున్న క్యాబిన్‌లోనే.

లెక్క వేద్దాం, ఎందుకంటే ఎవరూ వేయట్లేదు. చిన్న కారులో వంటగ్యాస్ కొడితే సుమారు 200 గ్రాములు పడుతుంది అనుకుందాం. లీకై బయటికొస్తే అది 90 లీటర్ల దాకా గ్యాస్ అవుతుంది. చిన్న కారు క్యాబిన్ ఓ 2,500 లీటర్లు. అంటే మూడున్నర శాతం పైనే. ఎల్పీజీ గాలిలో సుమారు 2 శాతం నుంచి 9 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. సరిగ్గా ఆ మధ్యలో పడ్డాం! సగమే లీకైనా, ఎల్పీజీ గాలికంటే బరువు కాబట్టి కాళ్ల దగ్గర పేరుకుంటుంది, అక్కడ 2 శాతం దాటడం కష్టమేమీ కాదు. ఆ కాళ్ల దగ్గరే బ్లోయర్ మోటారు, రిలేలు, పాతికేళ్ల వైరింగు ఉన్నాయి.

వాసన వస్తుందట! రాత్రంతా అద్దాలు ఎత్తి పార్క్ చేసిన కారులో వాసన ఎవరు చూస్తారు? పొద్దున తలుపు తీసి, జలుబుతో ఉన్న మనిషి అలవాటుగా తాళం తిప్పి బ్లోయర్ ఆన్ చేస్తే? నడుస్తున్నప్పుడు వాసన వచ్చినా, ఫ్లైఓవర్ మధ్యలో, వెనక సీట్లో అమ్మమ్మ ఉండగా ఏం చేస్తారు? ఈ మెసేజ్ రాసినాయన తన పిల్లల్ని ఆ కారులో ఎక్కిస్తాడా? ఎక్కిస్తే ఆయనకి ఈ లెక్క తెలియదు, ఎక్కించకపోతే మనకి ఎందుకు పంపాడు?

ఇంకో మనిషిని అందరూ మర్చిపోతున్నారు, తర్వాతి మెకానిక్. ఆయనకి లోపల ఏ గ్యాస్ ఉందో తెలియదు. పైపుకి చిల్లు పడిందని గ్యాస్ మంట వెలిగించి వెల్డింగ్‌కి కూర్చుంటాడు, పైపులో కాస్త మిగిలి ఉన్నా మంట ఆయన ముఖం మీదికే వస్తుంది. మీరు మిగుల్చుకున్న వెయ్యి రూపాయలకి ఆయన కళ్లు పణంగా పెట్టాలా? పైగా సిలిండర్‌లోని ప్రొపేన్, బ్యూటేన్ పాళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు, ప్రెషర్ గేజ్ చూసి ఏమీ చెప్పలేరు. ఇళ్లకిచ్చే సిలిండర్ గ్యాస్‌ని ఇలా కార్లలో వాడటం నేరం కూడా.

మిగిలింది నీళ్ల చిట్కా. దాన్ని కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను, కానీ ఈ ఒక్కటీ నిజంగా పనికొచ్చేది, మెసేజ్ రాసినాయనకి ఎందుకో తెలియకపోయినా. అది మందు కాదు, పరీక్ష. కారు ఆపి, ఏసీ ఆన్‌లో పెట్టి, కండెన్సర్ మీద నాలుగు చెంబుల నీళ్లు మెల్లగా పోయండి. లోపల గాలి చల్లబడితే గ్యాస్ తక్కువవడం కాదు లోపం, కండెన్సర్ వేడిని వదల్లేకపోతోంది, ఫ్యానూ గాలి దారీ చూడాలి.

మా నాన్నగారి కారుకి జరిగింది ఇదే. కొత్త కండెన్సర్, దాని ముందు కొత్త ఫ్యాను వేశాక హైవే మీద బాగుండేది, సిగ్నల్ దగ్గర ఆగితే మధ్య వెంట్‌లో 21 డిగ్రీలు. గ్యాస్ తక్కువని మూడుసార్లు కొట్టారు. నీళ్లు పోయగానే చల్లబడింది. అప్పుడు గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకున్నాను, అది గ్రిల్‌కి అతుక్కోవాలి, కానీ ఎగిరిపోయింది. ఫ్యాను వైర్లు రెండూ తారుమారుగా కలిపారు, గాలి బయటికి కొడుతోంది! వైర్లు మార్చి, కండెన్సర్ చుట్టూ సందుల్లో ఫోమ్ పట్టీ అంటించి, ఎక్కువైన గ్యాస్ తీయించి తూకం ప్రకారం కొట్టించాం. ఆగి ఉన్నప్పుడు ఇప్పుడు 12 డిగ్రీలు. ఫోమ్ పట్టీకి 150 రూపాయలు, గ్యాస్ కూలీ వేరే.

ఈ మెసేజ్ చూసి ఎవరైనా ఇప్పటికే వంటగ్యాస్ కొట్టించి ఉంటే, దయచేసి ఇవాళ్టి నుంచే ఏసీ వేయకండి, కారుని సెల్లార్‌లో కాకుండా అద్దాలు కాస్త దించి ఆరుబయట పెట్టండి. మెకానిక్‌కి బండి ఇచ్చేముందే లోపల ఏముందో చెప్పండి, సిగ్గుపడకండి. షెడ్డులో కాదు, బయట ఖాళీ స్థలంలో, నిప్పు లేనిచోట తీయించండి. తీసిన వెంటనే వాక్యూమ్ పెట్టించి, కొత్త డ్రయర్ వేయించి, అప్పుడు ఆర్134ఏ కొట్టించండి. బానెట్ లోపల ఏ గ్యాస్ ఉందో రాసిన స్టిక్కర్ ఒకటి అంటించమనండి. నాన్నగారి బండికి నిన్ననే అంటించాను.