స్కోరెంత అని నాలుగుసార్లు అడిగిన కుర్రాడు

మొన్న సంక్రాంతికి ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో కబడ్డీ పోటీలు చూశాను. రాత్రి పదకొండు దాటింది. కూతకెళ్లిన కుర్రాడు బోనస్ గీత మీద కాలు చాచగానే లెఫ్ట్ కార్నర్ వాడు యాంకిల్ పట్టాడు, పక్కవాడు భుజంతో డ్యాష్ కొట్టాడు. పడిపోతున్న కుర్రాడి కణతకు మూడోవాడి మోకాలు టక్కున తగిలింది. "ఏం కాలేదబ్బయా, లెయ్" అంటూ మొహాన నీళ్లు కొట్టారు. లేచాడు. జనం ఈలలు వేశారు. కాసేపటికే మళ్లీ కూతకెళ్లాడు.

మ్యాచ్ అయ్యాక నా పక్కనే కూలబడి "అన్నా, స్కోరెంత?" అన్నాడు. చెప్పాను. బూట్ల లేసులు విప్పుకుంటూ మళ్లీ అడిగాడు. నాలుగోసారి అడిగేసరికి వాడి స్నేహితులు పగలబడి నవ్వారు. నాకు మాత్రం భయమేసింది. మోచెయ్యి దోక్కుపోయిన చోట అప్పటికే ఎవరో దూది పెట్టి కట్టు కట్టారు. అక్కడ రక్తం కనబడింది మరి.

మెదడు పుర్రెకు అతుక్కుని ఉండదు. ఒక పలచటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. పరుగులో ఉన్న తల ఠక్కున ఆగినా, గిర్రున తిరిగినా లోపల మెదడు ఊగుతుంది, మెలి పడుతుంది. సన్నటి నరాల తంతువులు సాగుతాయి. కొత్త జ్ఞాపకాలను దాచే హిప్పోక్యాంపస్ చెవులకు సూటిగా లోపలి భాగంలో ఉంటుంది. దాని పని తాత్కాలికంగా తప్పితే ఇప్పుడు విన్నమాట ఇప్పుడే జారిపోతుంది. ఆ కుర్రాడు స్కోరు మర్చిపోలేదు, అసలది వాడి బుర్రలోకి ఎక్కనేలేదు. సీటీ స్కాన్‌లో రక్తస్రావం, ఎముక విరగడం కనిపిస్తాయి, ఈ సాగుడు సాధారణంగా కనిపించదు. 'స్కాన్ నార్మల్' అన్న మాట పట్టుకుని మర్నాడే ఆటకు దిగడం అందుకే ప్రమాదం. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే, అరుదుగానే అయినా, మెదడు వాచి ప్రాణం పోయిన కుర్రాళ్లున్నారు.

నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టేది స్పృహ తప్పించని చిన్న చిన్న దెబ్బలు. నరాల కణాల లోపలి గొట్టాలను నిలబెట్టే టావ్ అనే ప్రొటీన్ ఒకటుంది. పందిరి గుంజలకు కట్టిన తాడులాంటిది. ఏళ్ల తరబడి దెబ్బలు తింటే అది ఊడి, ఉండలు కట్టి, మెదడు ముడతల లోతుల్లో చేరడం మొదలవుతుంది. ఆట మానేసిన పది, ఇరవై ఏళ్లకు మతిమరుపు, చిరాకు, పట్టలేని కోపం బయటపడతాయి. దీన్ని సీటీఈ (క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ) అంటారు. ఖాయంగా తేల్చడం చనిపోయాక మెదడును కోసి చూస్తేనే కుదురుతుంది.

బాక్సర్లలో ఇలాంటి లక్షణాలను 1928లోనే అమెరికాలో మార్ట్‌లాండ్ అనే డాక్టర్ రాశారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్లకే చనిపోతే, ఆయన మెదడును పరీక్షించిన పాథాలజిస్ట్ బెన్నెట్ ఒమలు అందులో ఈ టావ్ ఉండలు చూశారు. 2017లో ఆ దేశపు అగ్ర లీగ్‌లో ఆడిన 111 మంది మెదళ్లను పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ బయటపడింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా ఇచ్చిన మెదళ్లు కాబట్టి ఆడినవాళ్లందరికీ వస్తుందని కాదు. అయినా తేలిగ్గా తీసేసే అంకె కాదది. ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ జెఫ్ ఆస్టల్ సంగతి మరీ బాధాకరం. ఆయన ఎవరితోనూ గుద్దులాడలేదు, బంతిని తలతో కొట్టాడంతే. 59 ఏళ్లకు మతి పూర్తిగా పోయి చనిపోయాడు. బంతి దెబ్బలే కారణమని అక్కడి విచారణాధికారి తేల్చారు.

"మా తాతలు ఇసకలో ఆడలేదా?" అంటారు మనవాళ్లు. ఆడారు. ముసలితనంలో మతి తప్పినప్పుడు చాదస్తమన్నాం, తాగుడన్నాం. అన్నిటికీ కబడ్డీనే కారణమని నేననను. కానీ ఆ మనిషి తలకు ఎన్ని దెబ్బలు తగిలాయో మనం ఒక్కసారైనా అడిగామా?

దెబ్బ తగిలిందని కుర్రాడు తనంతట తాను చెప్పడు. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తుందన్న ఆశ వాడిది. ఇంట్లోవాళ్లదీ అదే. కాబట్టి ఆపాల్సింది రిఫరీ, పోటీలు పెట్టే కమిటీ. హెల్మెట్ పెట్టినా లోపల మెదడు ఊగడం ఆగదు. దెబ్బ తిన్నవాణ్ని వెంటనే ఆపి, పూర్తిగా మానేదాకా కూర్చోబెట్టడమే మందు. క్రికెట్‌లో 2019 నుంచి కంకషన్ సబ్‌స్టిట్యూట్ ఉంది, అంటే తలదెబ్బతో మెదడు అదిరినవాడి బదులు మరొకణ్ని దింపొచ్చు. కబడ్డీలో కొత్త రూలు కూడా అక్కర్లేదు. ఏడుగురు ఆడుతుంటే బయట ఐదుగురు సబ్‌స్టిట్యూట్లు ఉండొచ్చు.

ఆ రాత్రే వాళ్ల కోచ్ దగ్గరికెళ్లి చెప్పాను. "బాగానే ఉన్నాడు సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. తెల్లారి సెమీఫైనల్లో మొదటి కూతకు వాణ్నే పంపారు. ఐదుగురూ బయటే కూర్చుని ఉన్నారు.