ఆయన పాత అప్పు, ఆమె కొత్త సంతకం

ప్రామిసరీ నోటుకు మూడేళ్ళకు కాలదోషం పడుతుంది, ఆ తర్వాత దాని మీద కోర్టుకెళ్ళి లాభం ఉండదు. ఆ గడువు ఇంకో నెలో నెలన్నరో ఉందనగా అప్పిచ్చినాయన ఇంటికొస్తాడు. గొడవ చెయ్యడానికి కాదు, నోటు తిరగరాయించుకోవడానికి. మా తెనాలి వైపు ఊళ్ళలో ఇదేమీ వింత కాదు. అసలు మూడు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడేళ్ళకు వడ్డీయే రెండు లక్షల పదహారు వేలయింది. మధ్యలో కట్టింది పోగా మిగిలినదాన్ని అసలుకు కలిపి నాలుగు లక్షలకు కొత్త నోటు. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం. పోయినసారి ఈ నోటు రాసేటప్పటికి ఆ ఇంటబ్బాయికి పెళ్ళి కాలేదు. ఇప్పుడు వంటింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. జిల్లా పరిషత్ స్కూల్లో టీచరు. అప్పిచ్చినాయన పెన్ను అటు తిప్పుతాడు. "నువ్వు కూడా ఇక్కడొక సంతకం పెట్టమ్మాయ్. ఏం లేదు, ఊరికే సాక్షికి." అత్తగారు కాఫీ తెస్తుంది. స్టాంపు పక్కన, మొగుడి పేరు కింద, ఆ అమ్మాయి సంతకం చేస్తుంది.

పెళ్ళికి ముందు భర్త చేసిన అప్పుకు భార్య బాధ్యురాలా, భార్య చేసిన అప్పుకు భర్త బాధ్యుడా అని ఏ లాయర్నడిగినా ఒక్క ముక్కలో తేల్చేస్తారు: కాదు. ఆ జవాబులో తప్పేం లేదు. అప్పనేది ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య ఒప్పందం. మూడు ముళ్ళు పడ్డంత మాత్రాన మూడో మనిషి అందులోకి రాడు. సిబిల్ రికార్డు, అంటే అప్పులు ఎలా కడుతున్నామో చెప్పే చిట్టా, కూడా ఎవరిది వాళ్ళదే, పెళ్ళితో రెండూ కలిసిపోవు. చిక్కల్లా ఆ జవాబు కాఫీ వచ్చేదాకానే పనిచేస్తుంది. సంతకం అయ్యాక అది ఆయన పెళ్ళికి ముందు అప్పు కాదు, ఆమె పెళ్ళి తర్వాతి అప్పు.

"నాకు రూపాయి కూడా ముట్టలేదు" అని ఆమె అన్నా పెద్దగా ఉపయోగం ఉండదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 127వ సెక్షన్ ప్రకారం, హామీ ఇచ్చినవాళ్ళకు ఏమీ దక్కనక్కర్లేదు, అసలు బాకీదారుకు మేలు జరిగితే చాలు. ఆ తర్వాతి సెక్షన్ ఇంకా కఠినం. హామీదారు బాధ్యత బాకీదారుతో సమానం. ముందు ఆయన్ని అడగండి, ఆయన దగ్గర లేకపోతే నా దగ్గరకు రండి అనే వీలు మామూలుగా ఉండదు. బాకీ కట్టమని కోర్టు డిక్రీ వస్తే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలేసి ఆ మిగిలిన ఒక్క వంతును జప్తు చెయ్యొచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. వ్యాపారం చేసుకునే భర్త ఆదాయం ఎక్కడుందో వెతకాలి. టీచరమ్మ జీతం ఏ బ్యాంకులో పడుతుందో ఊరందరికీ తెలుసు (ఒకటో తారీఖున పడుతుందా లేదా అన్నది వేరే చర్చ). పెన్ను అటెందుకు తిరిగిందో వేరే చెప్పాలా? చిట్టీ పాడుకున్నప్పుడు షూరిటీకి గవర్నమెంటు ఉద్యోగిని తెమ్మనేది కూడా ఇందుకే. పెళ్ళికి ముందే పాడేసుకుని, కట్టాల్సిన వాయిదాలు ఇంకా మిగిలి ఉన్న చిట్టీ కూడా అప్పే. కానీ దాన్ని అప్పుల లెక్కలో చెప్పేవాళ్ళు తక్కువ.

ఎవరి అప్పు ఎవరిదన్న గీత ఎక్కడ గీయాలో మన పాతవాళ్ళకూ తెలుసు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం మితాక్షర. 13వ శతాబ్దంలో దాన్ని కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భర్త అప్పు భార్య, భార్య అప్పు భర్త తీర్చనక్కర్లేదు, కుటుంబం కోసం చేసినదైతే తప్ప అంటుంది ఆ స్మృతి. ఆడమనిషి తీర్చాల్సినవి మూడే: తాను ఒప్పుకున్నది, భర్తతో కలిసి చేసినది, సొంతంగా చేసినది. ఇప్పటి బ్యాంకు ఫారం భాషలో గ్యారంటర్, కో-అప్లికెంట్, సొంత లోను. ఇంకో శ్లోకం నాకు మరీ ఇష్టం. పశువుల కాపరులు, మద్యం అమ్మేవాళ్ళు, నటులు, బట్టలుతికేవాళ్ళు, వేటగాళ్ళ ఇళ్ళలో మాత్రం భార్య అప్పును భర్త తీర్చాలట. ఎందుకంటే ఆ ఇళ్ళు గడిచేది ఆడవాళ్ళ కష్టం మీద. తాళి ఎవరు కట్టారన్నది కాదు, ఆ అప్పు తాలూకు అన్నం ఎవరు తిన్నారన్నది అక్కడ కొలమానం. ఇంగ్లండులో ఇంత ఆలోచన లేదు. పెళ్ళి చేసుకున్నవాడి నెత్తిన భార్య పాత అప్పులన్నీ పడేవి. అది తప్పించుకోవడానికి పెళ్ళికూతురు లోపలి గౌనుతోనే పెళ్ళి చేసుకునే ఆచారం కూడా కొన్ని చోట్ల ఉండేది, ఏ ఆస్తీ తేలేదని చూపించడానికి! 1870లో గానీ వాళ్ళు ఆ నియమాన్ని కదిలించలేదు.

స్మృతి చెప్పిన 'ఒప్పుకున్నది' అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. హామీ నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్లో ఉంది. భార్య షేర్ ట్రేడింగ్ ఖాతాలో తేలిన బాకీకి భర్త కూడా బాధ్యుడేనన్న ఆర్బిట్రేషన్ అవార్డును (మధ్యవర్తుల తీర్పును) 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ భర్త సంతకం లేదు. నోటిమాట, ఇద్దరి ఖాతాలూ కలిపి నడిపిన తీరు, అంతే. అది పెళ్ళికి ముందు అప్పు కాదు గానీ, రికవరీ ఏజెంటు ఫోన్ చేస్తే "సరే, మేం చూసుకుంటాంలెండి" అనే కొత్త కోడళ్ళూ అల్లుళ్ళూ గుర్తుపెట్టుకోవాల్సిన కేసే. ఆ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీదారుకు ఫోన్ చెయ్యకూడదని, ఇంట్లోవాళ్ళను వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. ఎంతమంది పాటిస్తున్నారో ఫోన్లు అందుకునేవాళ్ళకు తెలుసు.

సంతకం ఒక దారి. బంగారం ఇంకో దారి, ఇది ఇంకా మెత్తగా ఉంటుంది. భర్తకు పెళ్ళికి ముందు తీసుకున్న పర్సనల్ లోను ఉంది, వడ్డీ 16 శాతం. బీరువాలో భార్య నగలున్నాయి, వాటి మీద 10 శాతానికే ఇస్తారు. లెక్క ప్రకారం ఇది తెలివైన పనే, నేను కాదనను. ఇద్దరూ గోల్డ్ లోను కౌంటరుకు వెళ్తారు. అప్రైజరు హారాన్ని గీటురాయి మీద రుద్ది చూస్తాడు, రాళ్ళ బరువు తీసేస్తాడు, నికరం ఇంత అంటాడు. నగలు మీవేనా మేడమ్, అయితే మీ పేరు మీదే చేద్దాం అంటాడు. సాయంత్రానికి ఆయన లోను క్లోజ్ అవుతుంది, నో-డ్యూ సర్టిఫికెట్ వస్తుంది, సిబిల్ స్కోరు పెరుగుతుంది. ఆమె పేరు మీద, పుట్టి రెండు గంటలైనా కాని, కొత్త అప్పు మొదలవుతుంది. పాత అప్పు ఏ కాగితంలోనూ ఇక కనపడదు.

విచిత్రమేమిటంటే, ఇదే బంగారం మీదికి భర్త అప్పులవాళ్ళు నేరుగా రాలేరు. స్త్రీధనం ఆమె సొంతం. ఆచారం ప్రకారం ఆడవాళ్ళు ఒంటి మీద నుంచి తియ్యకూడని నగలను అసలు జప్తే చెయ్యకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్లో రాసుంది, వంటపాత్రలూ పక్కబట్టలతో పాటు. కోర్టు అమీనా ముట్టుకోలేని నగను "ఏవండీ, పోనీ ఇవి పెట్టేద్దాం" అన్న ఒక్క మాట కౌంటరు మీదికి తెచ్చేస్తుంది. ఇచ్చిన నగలకు లెక్క ఉండాలని 2024 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఒక కేరళ జంట కేసులో గుర్తుచేసింది. భార్య తెచ్చుకున్న 89 సవర్ల బంగారం భర్త కుటుంబం అప్పులకు పోయింది. కష్టకాలంలో స్త్రీధనం వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే అంటూ 25 లక్షలు కట్టమంది. ఆ తీర్పు రావడానికి ముందు ఆ జంట ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారో చూస్తే, తాకట్టు రోజునే ఒక కాగితం రాసుకోవడం ఎంత చవకో తెలుస్తుంది. మొగుడూ పెళ్ళాల మధ్య కాగితాలేంటి అనేవాళ్ళు అదే రోజు గోల్డ్ లోను కంపెనీ ఇచ్చిన పది కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టి వస్తారు.

ఇంతకీ నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించేది చట్టం కాదు, అప్పులకు మనం పెట్టే పేర్లు. అబ్బాయి ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్ళడానికి నలభై లక్షల ఎడ్యుకేషన్ లోను తీసుకున్నాడనుకోండి, పెళ్ళయ్యాక అది 'మన లోను'. అదే చదువు అమ్మాయి చదివి అంతే లోను తెస్తే, అది 'వాళ్ళ పుట్టింటి అప్పు'. ఆమె తన జీతంలోంచి దాని ఈఎంఐ కడుతుంటే "ఇంకా ఎన్నాళ్ళు వాళ్ళకు పెడతావు" అని వినపడుతుంది. ఆ చదువు తెచ్చిపెట్టిన జీతం మాత్రం రెండు ఇళ్ళలోనూ 'మనదే'. పశువుల కాపరి ఇంటికి స్మృతి చెప్పిన న్యాయం ఇక్కడ ఎందుకు వర్తించదో నాకర్థం కాదు.

అబ్బాయి లోనును కట్నంతో తీర్చే పద్ధతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. "కట్నం వద్దండీ, లోను ఒక్కటి మీరు చూసుకుంటే చాలు" అన్నా అది కట్నమే. అడిగినందుకే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా శిక్ష వెయ్యొచ్చని 1961 చట్టంలో ఉంది.

పెళ్ళి కోసమే చేసిన అప్పు మాత్రం నిజంగా చిక్కుముడి. పెళ్ళికి నెల ముందు అమ్మాయి తన పేరు మీద పర్సనల్ లోను తీసి ఫంక్షన్ హాలుకూ క్యాటరింగుకూ కట్టింది. తారీఖు చూస్తే అది పెళ్ళికి ముందు అప్పు, ఆమె సొంతం. తిన్నది రెండు వైపులవాళ్ళూ. చట్టానికి ఇక్కడ చెప్పేదేమీ లేదు. నన్నడిగితే సగం సగం. మగపెళ్ళివారు రెండు బస్సుల్లో వచ్చుంటే సగం కన్నా ఎక్కువ.

ఆన్‌లైన్ బెట్టింగులో పోగొట్టుకున్న డబ్బుకు మాత్రం ఈ దయ అక్కర్లేదు. అది కుటుంబం కోసం చేసింది కాదు. భార్య బంగారంతో దాన్ని తీర్చడమంటే ఇంకో ఆటకు డబ్బు పెట్టడమే.

అప్పు ఎవరిదో కోర్టు విడిగా చూస్తుంది గానీ, అప్పిచ్చేవాళ్ళు అలా చూడరు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళకు చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్సులో ఈ సంగతి రాతపూర్వకంగానే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల్లో భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు కలిపి ఒక కుటుంబం. ఆ కుటుంబం నెల ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదు. అంటే కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి కుట్టుమిషనుకు లోను అడిగితే, భర్త బ్రహ్మచారిగా ఉన్నప్పుడు తెచ్చిన బైకు వాయిదా కూడా ఆమె లెక్కలోకే వస్తుంది. ఆ అప్పు ఆమె కట్టక్కర్లేదు, కానీ ఆమెకు రావాల్సిన అప్పు ఆగిపోవచ్చు.

అమెరికాలో కాపురం పెట్టిన మనవాళ్ళకు లెక్క మళ్ళీ మారుతుంది. కాలిఫోర్నియాలో ఒకరు పెళ్ళికి ముందు చేసిన అప్పుకు కూడా దంపతుల ఉమ్మడి ఆస్తి బాధ్యత వహిస్తుంది. రెండోవాళ్ళ జీతానికి మినహాయింపు ఉంది గానీ, అది వేరే ఖాతాలో, అప్పున్న భాగస్వామికి తీసుకునే హక్కు లేకుండా, వేరే డబ్బుతో కలవకుండా ఉండాలి. దిగిన వారంలోనే జాయింట్ అకౌంటు తెరిచి ఇద్దరి జీతాలూ అందులో వేసుకోవడం మన అలవాటు. ఆ మినహాయింపు అక్కడితో సరి.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఆ వెయ్యిలో అప్పు సంగతి ఎప్పుడూ ఉంటుంది. ప్యాకేజీ ఎంత, సొంతిల్లా, ఎన్నెకరాలు అని అడిగేవాళ్ళు చేతికి మిగిలేదెంత అని అడగరు. ఈమధ్య సిబిల్ స్కోరు అడుగుతున్నారట. స్కోరు చెప్పేది సరిగ్గా కడుతున్నాడా లేదా అని మాత్రమే. నలభై లక్షల అప్పున్నవాడికి కూడా 780 ఉండొచ్చు. చూడాల్సింది రిపోర్టులో బాకీ ఎంతుందన్న గడి. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగానే ఇస్తారు. చేబదుళ్ళూ, ప్రామిసరీ నోట్లూ అందులో ఉండవు, అవి నోరు తెరిచి అడగాల్సిందే. భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులతో పాటు అప్పులనూ అఫిడవిట్లో చెప్పాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. విడిపోయేటప్పుడు ప్రమాణం చేసి చెప్పే లెక్కను కలిసేటప్పుడు ఎవరూ అడగకపోవడం మన దగ్గర మర్యాద.

ఆ టీచరమ్మ నోటును ఒక్క నిమిషం చేతిలోకి తీసుకుని చదివి ఉంటే, కింద ఎడమ పక్కన 'సాక్షులు' అని వేరే చోటుండటం కనపడేది. అక్కడ సంతకం చేసినవాళ్ళ మీద బాకీ పడదు. "అయితే ఇక్కడ పెడతా బాబాయ్" అని చూడండి. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "అక్కర్లేదులేమ్మా, సాక్షికి మావాడున్నాడుగా" అంటాడు.