బ్లూస్ బాకీ

అమెరికాలో పుట్టిన బ్లూస్‌ను దుఃఖగీతమని చెప్పి సరిపెట్టడం అలవాటైపోయింది. అది సగమే నిజం. ఆ పాటల్లో ఏడుపు ఎంతుందో ఎకసెక్కమూ అంతే ఉంది. దొర మీద, పోలీసు మీద, వదిలిపోయిన మనిషి మీద విసుర్లున్నాయి. వాటి వెనుక లెక్క తేలని కూలి ఉంది.

1865లో బానిసత్వం రద్దయినా అమెరికా దక్షిణాన ఉన్న మిసిసిపీ డెల్టా పత్తి చేలల్లో నల్లజాతి కుటుంబాల్లో అత్యధికం పాలుకు సేద్యం చేసి బతికాయి. విత్తనం, కంచరగాడిద, తిండిగింజలు భూస్వామి ఇచ్చిన అప్పు. పద్దు రాసేదీ ఆయనే. పత్తి అమ్మాక చాలామందికి మిగిలేది బాకీయే. ఎదురడిగితే ప్రాణానికే ముప్పు. పొలం కేకలు, చర్చి పాటలు, ఆఫ్రికా నుంచి వెంటవచ్చిన పిలుపు-బదులు పద్ధతి కలిసి 19వ శతాబ్ది చివర ఈ పాటకు రూపమిచ్చాయి. ఒక మాట అనడం, అదే మళ్లీ అనడం, మూడో పాదంలో దానికి బదులివ్వడం... ఇదీ దాని కట్టు. 'గ' స్వరం, అంటే గాంధారం, అటు పై మెట్టు అంతరమూ కాక, ఇటు కింది మెట్టు సాధారణమూ కాక మధ్యలో ఊగుతుంది. పియానో మెట్లకు అందని చోటు అది.

1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్‌లో గిటారు తీగలకు కత్తి అదిమి ఒకతను పాడుతుంటే సంగీతకారుడు డబ్ల్యూ.సి. హ్యాండీ విన్నాడు. పాడినవాడి పేరు చరిత్రకెక్కలేదు. విన్న హ్యాండీ గతీ గొప్పగా లేదు: 1912లో అచ్చువేసిన 'మెంఫిస్ బ్లూస్' హక్కులు చిల్లర సొమ్ముకే చేజారాయి. 1920లో గాయని మేమీ స్మిత్ బ్లూస్ రికార్డు విరగబడి అమ్ముడయ్యాక కంపెనీలకు నల్లవారి గొంతులో లాభం కనబడింది. గాయని బెస్సీ స్మిత్ కొలంబియా రికార్డుల కంపెనీకి కాసులు కురిపిస్తే, ఆమెకు దక్కింది పాటకింత అన్న కూలే, అమ్మకాల్లో వాటా (రాయల్టీ) కాదు. 1937లో మరణించిన ఆ మహాగాయని సమాధికి 1970 దాకా పేరు చెక్కిన రాయి లేదు.

దొర పద్దు పోయి కంపెనీ పద్దు వచ్చిందన్నమాట. 1943లో డెల్టా విడిచి షికాగో చేరిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట పేరునే ఇంగ్లండ్ రాక్ గాయకులు రోలింగ్ స్టోన్స్ తమ బృందానికి పెట్టుకున్నారు, ఆ రుణాన్ని ఒప్పుకున్నారు కూడా. అందరూ అంత పెద్దమనసు చూపలేదు. తన పాట వాడుకున్నారన్న వివాదంలో లెడ్ జెప్లిన్ రాక్ బృందంతో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్‌కు 1987లో రాజీ కుదిరింది కోర్టుకెక్కిన తర్వాతే. బ్లూస్ వారసత్వాన్ని వేదికలెక్కి పొగిడే రికార్డింగ్ సంస్థలు ముందు తమ పాత ఒప్పందాలు బయటపెట్టి, గాయకుల వారసులకు రావలసిన సొమ్ము లెక్కగట్టాలి.