800ఎక్స్ స్టిక్కరు గారికి ఒక బహిరంగ లేఖ

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ 800ఎక్స్ డిజిటల్ జూమ్ స్టిక్కరు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా క్షేమమేనని మొన్న బీరువా సర్దుతుంటే కళ్ళారా చూశాను. ఇరవయ్యేళ్ళు దాటినా తమరి వెండి అంచు చెదరలేదు, ఎర్ర అంకె వెలిసిపోలేదు. తమరు అంటిపెట్టుకున్న కామ్‌కార్డర్‌కి మాత్రం బ్యాటరీ ఉబ్బింది, క్యాసెట్ తలుపు తెరుచుకుంటే మళ్ళీ మూసుకోదు. గోరుతో తమరిని పీకి చూశాను. గోరు విరిగింది.

తమరితో నా పరిచయం 2004లో, బరంపురంలో. నౌపాడ–గుణుపూర్ చిన్న రైలు ఆపేసి పెద్ద లైను వేస్తారని అప్పటికి ఊరంతా చెప్పుకుంటున్నారు. 1900 నుంచి రెండున్నర అడుగుల పట్టాల మీద మా ఊరికి వస్తూ పోతూ ఉన్న రైలు అది. మా మామ్మ పద్నాలుగేళ్ళప్పుడు గుణుపూర్ నుంచి అందులోనే కాపురానికి వచ్చింది. ఆ రైలునీ, అందులో మామ్మనీ వీడియో తీసి, కంప్యూటర్లో చక్కగా కత్తిరించి, వెనకాల సన్నాయి పెట్టి అరగంట సినిమా చెయ్యాలని నా కోరిక. ఇంట్లో అప్పుడే 40 జీబీ హార్డ్ డిస్కుతో కొత్త కంప్యూటర్ కొన్నాం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాంతోపాటు ఊరికే వచ్చింది. ఇక కెమెరా ఒక్కటే తక్కువ అనుకున్నాను.

బయల్దేరేముందు మా బావమరిది చీటీ రాసిచ్చాడు. కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు లెండి. 'మినీ డీవీ టేపుదే తీసుకో, అది డిజిటల్ వీడియో. వీడియో కంప్యూటర్లోకి ఎక్కించే ఫైర్‌వైర్ వైరు అడుగు. బయటి మైకు పెట్టుకునే కన్నం ఉందో లేదో వేలు పెట్టి చూడు. జూమ్ జోలికి పోకు బావా.' చీటీ జేబులోనే ఉంది. జేబు మీద చెయ్యి కూడా వేశాను.

షాపతను ఒడియాలో మొదలుపెట్టి, నా ఒడియా విని జాలిపడి తెలుగులోకి దిగాడు. "ఇది 10ఎక్స్ బాబూ, ఇది 20ఎక్స్. ఇదిగో ఇది చూడండి, 800ఎక్స్! ఇక్కడ నొక్కితే గోపాల్‌పూర్ బీచిలో మనిషి కనిపిస్తాడు" అన్నాడు. బరంపురానికీ గోపాల్‌పూర్‌కీ మధ్య ఉన్న ఇళ్ళూ కొబ్బరిచెట్లూ ఏమైపోతాయని నేను అడగలేదు. పక్కనే 10ఎక్స్ కెమెరా దీనంగా కూర్చుని ఉంది. దానికి కాస్త పెద్ద లెన్సు, మైకు కన్నం, హెడ్‌ఫోను కన్నం అన్నీ ఉన్నాయి. ధర ఇంచుమించు అంతే. కానీ 800ని 10తో భాగిస్తే 80. అదే డబ్బుకి 80 రెట్లు సరుకు వస్తుంటే వద్దంటానా? వంకాయలు తూచాక ఇంకో కాయ వేయించుకోకుండా కదలని తండ్రికి పుట్టినవాణ్ణి. 24,000 లెక్కపెట్టి ఇచ్చాను.

తమరి లెక్క నాకు అర్థమైంది తరవాత. అందులో 20 రెట్లు లెన్సు కష్టం. లోపల గాజు ముందుకీ వెనక్కీ కదిలి దూరంగా ఉన్నదాన్ని నిజంగానే దగ్గరకి తెస్తుంది. పాపం, దాని పేరు బాక్సు మీద చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. మిగిలిన 40 రెట్లు తమరి ప్రతాపం. తమరు చేసేదల్లా వచ్చిన బొమ్మ నడిమధ్య ముక్క కోసి తెర నిండా సాగదీయడం. మన దేశంలో అప్పట్లో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో డీవీ బొమ్మ అడ్డంగా 720 చుక్కలు, నిలువునా 576. 720ని 40తో భాగిస్తే 18. నిలువునా 14 చిల్లర. అంటే తమరు విజృంభించి 800కి చేరినప్పుడు తెరంతా పరుచుకునే అసలు సరుకు అడ్డంగా ఓ 18 చుక్కలు. మా అమ్మ సంక్రాంతికి వాకిట్లో 21 చుక్కల ముగ్గు వేస్తుంది. దానికి 24,000 అడగలేదు.

ఆ కోసి సాగదీసే పని కావాలంటే తరవాత కంప్యూటర్లో నేనే చేసుకోవచ్చు. నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు. తమరు చేస్తే టేపు మీద శిలాశాసనం.

రైలు రోజు సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. మామ్మ కిటికీ పక్కన కూర్చుంది. పది అడుగులు వేసి దగ్గరకి వెళ్తే సరిపోయేదే. తమరి మీద భక్తితో ప్లాట్‌ఫారం ఆ చివర నిలబడి జూమ్ నొక్కాను. రెండున్నర అంగుళాల బుల్లి తెర మీద బ్రహ్మాండంగా ఉంది. దాని మీద ఏదైనా బ్రహ్మాండంగానే ఉంటుంది. ఇంటికొచ్చి టీవీకి తగిలిస్తే మామ్మ ముక్కుపుడక ఉండాల్సిన చోట ఒక తెల్ల చదరం వణుకుతోంది. చదరం వణకలేదు లెండి, నా చెయ్యి వణికింది. ఆ వణుకుని కూడా తమరు 800 రెట్లు చేసి చూపించారు. మామ్మ కాసేపు తల అటూ ఇటూ వంచి చూసి, "ఇదెవుల్రా, గళ్ళ లుంగీలాగుంది?" అంది.

అంతకన్నా పెద్ద దెబ్బ చెవికి తగిలింది. మామ్మ కిటికీలోంచి నాతో ఏదో చెప్పింది. పెదాలు కదులుతున్నట్టు గళ్ళలోనూ తెలుస్తోంది. వినిపించింది మాత్రం టేపు మోటారు గిర్రుమనడం, నేను గుటక వేయడం, నా పక్కనే పల్లీలవాడి కేక. కెమెరాలో బిగించిన మైకు కెమెరా దగ్గరి చప్పుడే వింటుంది. జూమ్ నొక్కితే మొహం దగ్గరకొస్తుంది గానీ గొంతు రాదు. వాయిల్‌చీర మడతకి పెట్టే చిన్న మైకు ఒకటుంటే చాలు, మా బావమరిది ఇంట్లో ఉంది కూడా. గుచ్చడానికి కెమెరాకి కన్నం లేదు. తమరిని అతికించడానికి ఇంత చోటు దొరికింది గానీ, ఆ కన్నానికి కొన్ని మిల్లీమీటర్ల చోటు లేకపోయింది.

తమరి పక్కనే బాక్సు మీద 'యూఎస్‌బీ' అని ఇంకో చిన్న స్టిక్కరు ఉండేది. తమరి మరదలనుకుంటాను. వీడియో కంప్యూటర్లోకి ఎక్కించడం చిటికెలో పని అని ఆవిడ మాట నమ్మాను. ఆ వైరు ఫొటోలకి, తపాలా బిళ్ళంత వీడియోకి. ఆ పాత యూఎస్‌బీ సెకనుకి మోసేది మహా అయితే 12 మెగాబిట్లు. డీవీలో బొమ్మ ఒక్కటే సెకనుకి 25 మెగాబిట్లు. రిక్షా మీద గడ్డివాము ఎక్కించినట్టు. ఫైర్‌వైర్ ఉంటే తప్ప లాభం లేదు. కెమెరా పక్కన రబ్బరు మూత కింద దానికి నాలుగు పిన్నుల సాకెట్టు ఉంది. వైరు బాక్సులో లేదు. కంప్యూటర్‌కి ఆ సాకెట్టే లేదు. ఆ సాకెట్టున్న కార్డు విశాఖ నుంచి తెప్పించి, బావమరిది కేబినెట్ విప్పి బిగిస్తున్నంతసేపూ చీటీ సంగతి ఎత్తలేదు. మంచివాడు. వాళ్ళక్క ఎత్తింది.

టేపు మీద మాత్రం నాకు కోపం లేదు. గంట టేపు ఎక్కాలంటే గంటా కూర్చోవాల్సిందే, అది ఆడుతూనే ఎక్కాలి. గంటకి సుమారు 13 జీబీ మింగుతుంది, మా 40 జీబీలో అప్పటికే సగం పాటలు. అయినా సరే. డీవీలో సెకనుకి 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు, ఏ ఫ్రేముకి ఆ ఫ్రేమే పూర్తిగా ఉంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ కత్తెర పడుతుంది. రాయగడలో ఉండే మా బాబాయి కొడుకు "ఇంకా టేపులేంట్రా" అని నన్ను వెక్కిరించి బుల్లి డీవీడీ కెమెరా కొన్నాడు. 8 సెంటీమీటర్ల డిస్కు, 1.4 జీబీ, మామూలు క్వాలిటీలో అరగంట. రికార్డింగు అయ్యాక డిస్కుని ముగించే ఫైనలైజ్ అనే తతంగం మరిచిపోకపోతే తిన్నగా ప్లేయర్లో వేసి చూడొచ్చు. చూడ్డానికి బాగుంది. కత్తిరించబోతే తెలిసింది. అందులో అప్పుడప్పుడూ ఒక ఫ్రేము నిండుగా ఉంటుంది, మధ్యలోవన్నీ 'ముందుదానికీ నాకూ ఇదీ తేడా' అని రాసుకున్న చీటీల్లాంటివి. మధ్యలో కోస్తే చీటీ మిగులుతుంది, అసలు కాగితం పోతుంది. వాడి కొడుకు అన్నప్రాసనలో పిల్లాడు కత్తి పట్టుకున్నాడో పుస్తకం పట్టుకున్నాడో ఇప్పటికీ తగువే. కోత సరిగ్గా అక్కడ పడింది.

తమరి తోబుట్టువులు కెమెరా లోపల కూడా ఉన్నారు. డిజిటల్ ఎఫెక్టులట. సెపియా, మొజాయిక్, నెగెటివ్. మా చెల్లి పెళ్ళిలో తాళి కట్టే వేళ నా బొటనవేలు ఏ మీట మీద పడిందో, పందిరంతా గోధుమరంగుకి తిరిగింది. టేపు మీద పడ్డ రంగు టేపుదే, మళ్ళీ అసలు రంగు రాదు. పెళ్ళి 2004లో జరిగింది. వీడియో చూస్తే పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936లో జరిగినట్టుంటుంది. పెళ్ళికొడుకు చేతికి డిజిటల్ వాచీ ఉందని మా చిన్న అత్తయ్య ఆశ్చర్యపోయింది.

రాత్రి విందు ఇంకో కథ. వెలుగుని పట్టే సెన్సార్ వేలిగోరంత కూడా లేదు, జనరేటర్ లైటు. చీకట్లో బొమ్మంతా ఇసక రాలింది. నైట్ మోడ్ నొక్కితే అరటాకుల రంగులోకి బంధువులు కూడా వచ్చేశారు.

వాడుకలో ఉన్న తెలుగు రాయండని గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళో పంతులుగా ఉంటూ పోరాడారు. ఆ పోరాటం కెమెరా మాన్యువల్ దాకా రాలేదు. చలికాలంలో మహేంద్రగిరి మీద రాత్రి గడిపి, తెల్లారి ఇంటికొచ్చి వంటింట్లో కెమెరా తెరిస్తే తెర మీద నీటిబొట్టు బొమ్మ టపటపా కొట్టుకుంది. ఛార్జింగు తక్కువనుకుని ప్లగ్గు పెట్టాను. చల్లటి కెమెరా వెచ్చటి చోటికొస్తే లోపల చెమ్మ పడుతుంది, టేపు వెళ్ళి దాన్ని చదివే హెడ్డుకి అతుక్కుంటుంది, క్యాసెట్ తీసేసి గంటసేపు వదిలేయాలి. అది మాన్యువల్ చివర్లో ఉందట. తమరు మాత్రం మొదటి పేజీలోనే ఉన్నారు.

నా తప్పు కూడా ఒకటుంది, దాచను. టేపు కలిసొస్తుందని పెళ్ళంతా ఎల్‌పీలో, అంటే టేపు నిదానంగా నడిచే పద్ధతిలో తీశాను. 60 నిమిషాల క్యాసెట్‌లో 90 నిమిషాలు. టేపు వెడల్పే 6.35 మిల్లీమీటర్లు. దాని మీద గీసే గీత మామూలుగా 10 మైక్రాన్లు, ఎల్‌పీలో 6.67. ఆ సన్నగీత తీసిన కెమెరాకే సరిగ్గా అందుతుంది. ఇప్పుడు తీసిన కెమెరా చచ్చింది. పాతపట్నంలో స్టూడియో ఉన్న స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన కెమెరాలో పెళ్ళి టేపు వేస్తే మూడు సెకన్లకోసారి మా బావగారి మొహం చదరాలుగా విడిపోయి మళ్ళీ అతుక్కుంటోంది. నా ల్యాప్‌టాప్‌కి ఫైర్‌వైర్ ఎలాగూ లేదు. అటక మీది పాత కంప్యూటర్ దించి, దుమ్ము దులిపి, అదే కార్డుతో ఎక్కిస్తున్నాను.

రైలు టేపు మాత్రం ఎస్‌పీలో, అంటే మామూలు వేగంలో తీశాను. అది బాగానే ఆడింది. గంటలో నలభై నిమిషాలు తమరివే, గళ్ళ లుంగీలు. ఆ తరవాత నేను రైలెక్కి, కెమెరా ఆపడం మరిచిపోయి ఎదురు సీటు మీద పెట్టినట్టున్నాను. జూమ్ పూర్తిగా వెనక్కి ఉంది. బొమ్మ ఒరిగిపోయి ఉంది. సీటు చెక్క, కిటికీ ఊచలు, మామ్మ మోచెయ్యి, సంచిలోంచి తీసి ఒలుస్తున్న బత్తాయి. తొక్క తీస్తున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. పట్టాల చప్పుడు మీద మామ్మ పక్క సీటు ఆవిడతో అంటోంది: "మా మనవడేనమ్మా. పొద్దున్నుంచీ ఆ డబ్బాలోంచి నన్ను చూస్తన్నాడు. తిన్నగా చూస్తే ఏటవుతాదో మరి."

పదకొండు నిమిషాలుంది. ఎడిటింగ్‌లో ఎక్కడా కత్తెర పెట్టలేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి వల్ల 24,000కి 18 చుక్కలు కొన్నవాడు

తా.క.: మా మేనల్లుడు కొత్త ఫోను కొన్నాడు. వెనకాల 100ఎక్స్ అని ఉంది. ఈసారి స్టిక్కరు కాదు, కెమెరా పక్కనే అచ్చు వేశారు, గోరుకి పని లేదు. డాబా మీదికి తీసుకెళ్ళి చందమామని తీసి చూపించాడు. బాగుంది నాయనా, మీ అమ్మమ్మ కిందే ఉంది, చిన్న మైకు పెట్టి ఆవిడ కబుర్లు కాసిని రికార్డు చెయ్యి అన్నాను. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మైకు గుచ్చే కన్నం లేదు మావయ్యా, అడాప్టర్ వేరే కొనాలి" అన్నాడు.