పాత సైనిక పతకం అసలుదో కాదో ఐదు నిమిషాల్లో తేలదు

"ఇంట్లో పాత మిలటరీ మెడల్ ఉందా? అసలుదో నకిలీదో ఐదు నిమిషాల్లో మీరే తేల్చుకోండి" అనే మెసేజ్ ఒకటి తెగ షేర్ అవుతోంది. అందులో చెప్పిన సూత్రాలు నాలుగు. అంచు మీద సైనికుడి పేరు లేకపోతే నకిలీ. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ. వెండి మెడల్ కంచులో కనబడితే నకిలీ. టూత్‌పేస్ట్‌తో తళతళలాడేలా తోమితే విలువ పెరుగుతుంది. నాలుగూ తప్పే. వీటిని నమ్మి నిజమైన పతకాలను పారేసేవాళ్లు, పాడుచేసుకునేవాళ్లు ఉంటారనే నా బాధ.

ముందు పేరు సంగతి. పేరు వేయాలా వద్దా అన్నది పతకం ఇచ్చిన ప్రభుత్వం ఇష్టం. 1815 నాటి వాటర్లూ యుద్ధ పతకాలకు బ్రిటన్ అంచు మీద సైనికుల పేర్లు వేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ వేసింది. రెండో యుద్ధానికి వచ్చేసరికి తన సైనికులకు క్యాంపెయిన్ స్టార్లను, అంటే ఫలానా రంగంలో పోరాడినందుకు ఇచ్చే నక్షత్రం ఆకారపు పతకాలను, పేర్లు లేకుండానే ఇచ్చింది. అవే స్టార్లను ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా మాత్రం పేర్లు వేసి ఇచ్చాయి. పేరు ఉండే పతకాల్లోనూ అది అంచు మీదే ఉండాలని లేదు. మొదటి యుద్ధపు పతకమైన 1914-15 స్టార్‌ను తిరగేసి చూడాలి, పేరు వెనక ఉంటుంది.

పేరుంటే అసలుదే అనుకోవడమూ పొరపాటే. పాత పేరు అరగదీసి మరో పేరు చెక్కినవి ఉన్నాయి. అరగదీస్తే లోహం తగ్గుతుంది కదా. ఉదాహరణకు, మొదటి ప్రపంచ యుద్ధానికి బ్రిటన్ ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్‌తో నాలుగైదు వైపుల నుంచి కొలిచినప్పుడు ఎక్కడైనా తగ్గితే అనుమానించాల్సిందే.

అయస్కాంతం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1813లో ప్రష్యా (నాటి జర్మన్ రాజ్యం) రాజు నెలకొల్పిన ఐరన్ క్రాస్ అనే సైనిక పతకం పేరులోనే ఇనుము ఉంది. వెండి చట్రంలో ఇనుప ముక్క బిగించి చేసేవారు కాబట్టి అయస్కాంతానికి అంటుకోవడం సహజం. అయితే నకిలీలను కూడా ఇనుముతో చేస్తారు, అందుకని అంటుకున్నంత మాత్రాన అసలుదని కూడా అనలేం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది కంచు సూత్రం. బ్రిటిష్ వార్ మెడల్‌ను వెండిలో దాదాపు 65 లక్షలు ఇచ్చారు. కంచులో ఇచ్చినవి సుమారు లక్షా పది వేలే. అవి ఎక్కువగా చైనా, భారత్, మాల్టా దేశాల లేబర్ కోర్‌లలో (కూలీ దళాల్లో) పనిచేసినవాళ్లకు దక్కాయి. తుపాకీ పట్టకపోయినా యుద్ధాన్ని నడిపించిన కూలీలు వాళ్లు. చైనా కూలీల పతకాల మీద పేరు కూడా ఉండదు, నంబరు, కోర్ పేరు మాత్రమే ఉంటాయి. అంటే ఈ మెసేజ్ ప్రకారం వాళ్ల పతకం రెండు రకాలుగా నకిలీ! ఆనాడు వెండి పతకానికి అర్హులు కారనుకున్నవాళ్లను ఈనాడు మనం మళ్లీ పక్కకు నెట్టేస్తున్నాం. పైగా వెండికి విలువ ఎక్కువ, కంచుకు తక్కువ అనే లెక్క వల్ల వెండివీ మిగల్లేదు. 1979-80లో వెండి ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ పతకాలు ఎన్నో కరిగిపోయాయి.

ఇక తోమడం. టూత్‌పేస్ట్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. నలుపుతో పాటు లోహాన్నీ తీసేస్తుంది. ముందు బొమ్మలోని ముఖం చదునవుతుంది, తర్వాత అంచు మీది సైనికుడి సర్వీసు నంబరు అంకెలు పోతాయి. ఒకే పేరున్న సైనికులు ఎందరో ఉంటారు, వాళ్లను విడదీసి చెప్పేది ఆ నంబరే. మొదటి యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ సైనికుల సర్వీసు రికార్డుల్లో సగానికి పైగా 1940 నాటి బాంబు దాడిలో కాలిపోయాయి. ఎవరికి ఏ పతకం ఇచ్చారో రాసిన జాబితాలు (మెడల్ రోల్స్), వాటి ఇండెక్స్ కార్డులు మాత్రం మిగిలి, బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలామంది విషయంలో ఇప్పుడు దొరికే జాడ అదొక్కటే. అంకెలు అరిగిపోతే ఆ కార్డు దాకా వెళ్లే దారి మూసుకుపోయినట్టే.

కాబట్టి మెత్తటి పొడి బట్టతో దుమ్ము తుడవండి, అంతే చాలు. రిబ్బన్ చిరిగి ఉన్నా మార్చకండి. అంచును, వెనకవైపును దగ్గరగా ఫొటో తీసుకుని, కనబడిన ప్రతి అక్షరాన్నీ ఉన్నదున్నట్టు రాసుకోండి. పతకంతో పాటు ఉన్న డబ్బా, ఉత్తరాలు, మిగతా మెడల్స్ అన్నీ ఒకే చోట ఉంచండి.