పంచుకుని బతికిన చోటు

మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని తమ మఠం ధ్వంసమై శరణార్థులైన బెనెడిక్టైన్ కన్యాస్త్రీలు 1920లో ఐర్లండ్‌లోని గాల్వే కౌంటీలో కైల్‌మోర్ భవనాన్ని కొనుక్కుని, 1923లో బాలికల బడి తెరిచారు. హాస్టల్‌తో నడిచిన ఆ బడి 2010లో మూతపడింది. అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయం 2015లో వారితో ఒప్పందం చేసుకుని, అక్కడ కొంత భాగాన్ని బాగుచేయించి, తన విద్యార్థి బృందాలకు చదువుకునే చోటుగా, బసగా మలచుకుంది.

కన్యాస్త్రీల సంఖ్య తగ్గి, హాస్టల్ చదువులకు ఆదరణ సన్నగిల్లి, యూరప్‌లో ఇలాంటి బడులెన్నో తాళాలు వేసుకున్నాయి. వాటిని కూల్చి స్థలం అమ్ముకోవడం కన్నా, అపార్టుమెంట్లుగా ముక్కలు చేయడం కన్నా, పదిమంది కలిసి దిగే బసగా మార్చడమే మేలని మా అభిప్రాయం. అవి పుట్టిందే కలిసి ఉండడానికి. పొడవాటి పడకల హాలు, అందరూ ఒకే బంతిన కూర్చునే భోజనశాల, పెద్ద పొయ్యిల వంటగది కొత్తగా కట్టనక్కరలేకుండానే సిద్ధంగా ఉంటాయి. సాధనకు వచ్చిన గాయక బృందానికైనా, ఏడాదికోసారి కలుసుకునే పెద్ద కుటుంబానికైనా కావలసింది అదే.

సమాజానికి ఉపయోగపడే పనికి వాడితే పాత కట్టడాల సంరక్షణ సులువవుతుందని, అయితే ఆ వాడకం కోసం వాటి అమరికనూ అలంకరణనూ మార్చరాదని పాత కట్టడాల పరిరక్షణకు నిపుణులు రాసుకున్న అంతర్జాతీయ నియమావళి అయిన 1964 నాటి వెనిస్ చార్టర్ ఐదో అధికరణ చెబుతోంది. మొదటి మాటను అందరూ ఉదహరిస్తారు, రెండోదాన్ని వదిలేస్తారు. పడకల హాలును పలుచని అడ్డుగోడలతో విడగొట్టినప్పుడు ఒక్కోసారి గోడ సరిగ్గా కిటికీ నడిమికి వచ్చి ఆగుతుంది. నిలువెత్తు కిటికీలో సగం ఈ గదికి, సగం ఆ గదికి మిగులుతుంది. తరతరాల పిల్లల పాదాలకు నడిమధ్య అరిగి గుంటపడిన రాతిమెట్టుపై కొత్త పలక పరిస్తే, ఆ బడి గుర్తు అక్కడితో చెరిగిపోయినట్టే. పొగను పసిగట్టే అలారాలు, మంటను ఆపే తలుపులు, బయటపడడానికి రెండో మెట్లదారి వంటివి వేరు. వాటి విషయంలో రాజీకి తావులేదు.

అందుకే ఏది కదపకూడదో గదిగదికీ రాసిన జాబితా, బడిని బసగా మార్చడానికిచ్చే అనుమతి పత్రంలోనే ఉండాలని మేము కోరుతున్నాము. అక్కడ ఆడుకున్నవారూ, ఇల్లు గుర్తొచ్చి దుప్పటి కింద ఏడ్చినవారూ ఇంకా ఉన్నారు. తన మంచం పక్కనుండిన కిటికీని వెతుక్కుంటూ వచ్చిన వృద్ధురాలిని, గది తీసుకున్నవారికే ప్రవేశమంటూ గుమ్మంలోంచే తిప్పి పంపకూడదు.