ఫోన్ మ్యాపులోని నీలిగీత గారికి

మహారాజశ్రీ నీలిగీత గారికి, తిరుపతి నుంచి ముగ్గురు సైకిల్ వాళ్లు నమస్కరించి రాసుకునేది.

మేమిక్కడ క్షేమం. తమరు మా ఫోన్లలో క్షేమమని తలుస్తాం. విషయం ఏమిటంటే, సంక్రాంతి వెళ్లాక శేషాచలం కొండను సైకిళ్ల మీద చుట్టి రావాలనుకున్నాం. ఎక్కడం కాదండీ, చుట్టి రావడం. ఈ ముక్క తమరికి ఎక్కించడానికే మా తాతలు దిగొచ్చారు. బయల్దేరే చోటు తిరుపతి, చేరే చోటు తిరుపతి అని కొడితే, 'మీరు గమ్యస్థానంలోనే ఉన్నారు' అని తేల్చేశారు. మా అమ్మా అదే అంది: "తిరపతి నుంచి తిరపతికి పోయేదానికి సైకిలెందుకురా? ఇంట్లోనే కూచో, చేరినట్టే." ఆమె వంటింట్లోంచి అంది, తమరు ఉపగ్రహాలను అడిగి చెప్పారు. అదొక్కటే తేడా.

కొండ చుట్టూ తిరగడం మనవాళ్లకు కొత్తా? అరుణాచలంలో 14 కిలోమీటర్లు, సింహాచలంలో 32 కిలోమీటర్లు జనం చెప్పుల్లేకుండా నడుస్తారు. దగ్గరి దారి ఉందా అని ఒక్కరూ అడగరు. మా కొండ కాస్త పొడుగు, అంతే. ఆదిశేషుడి తల తిరుమలలో, నడుము అహోబిలంలో, తోక శ్రీశైలంలో ఉన్నాయంటారు. తోక జోలికి మేం పోం. చంద్రగిరి, భాకరాపేట, పీలేరు, రాయచోటి, రాజంపేట, కోడూరు, మళ్లీ తిరుపతి. పడగ వైపు ఒక్క చుట్టు, రెండొందల కిలోమీటర్ల పైమాటే.

ఆ ఊళ్లన్నీ వరసగా పెట్టి ఇస్తే తమరికి నచ్చలేదు. పక్కనే బూడిదరంగులో ఇంకో గీత గీసి 'ఇటు త్వరగా చేరతారు' అన్నారు. పెద్దది చేసి చూస్తే, అది మామండూరు వైపు నుంచి అడవిలో దూరి కొండెక్కే కాలిబాట! అయ్యా, ఆ అడవి 1989 నుంచి నేషనల్ పార్కు, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. చిరుతల సంగతి పక్కన పెట్టండి. తెల్లారకముందే, ఎర్రచందనం చెట్ల మధ్య, సైకిళ్లకు అటూ ఇటూ సంచులు కట్టుకుని ముగ్గురు మగాళ్లు. చందనం దొంగల కోసం తిరిగే టాస్క్‌ఫోర్సు వాళ్లు టార్చి వేసి ఆపితే 'సీనరీ చూద్దామని వచ్చాం సార్' అనాలా? ఆ మాట నమ్మే పోలీసు ఇంకా పుట్టలేదు. రేపు కోర్టులో సాక్ష్యానికి పిలిస్తే తమరు వస్తారా?

ఇంకోసారి శ్రీవారి మెట్టు చూపించారు. 2388 మెట్లు. మొక్కు మాకుందేమో గానీ సైకిల్‌కు లేదు.

ఇక భాకరాపేట ఘాటు. దానికి తమరిచ్చిన బిరుదు 'దాదాపు చదును'. మొత్తం దూరంతో భాగిస్తే చదునే కాబోలు. ఎక్కినంతా దిగుతాం కాబట్టి ఆ లెక్కన హిమాలయాలూ చదునే! ట్రయల్‌కని ఓ ఆదివారం పోయాం. మలుపు దగ్గర చైను ఆఖరి పళ్ల మీదికి పడింది, ఇక మార్చడానికి గేరు లేదు. ముక్కు చివర నుంచి చెమట బొట్లు బొట్లుగా హ్యాండిల్ మీద పడుతోంది. పక్కనుంచి ఆర్టీసీ బస్సు మూలుగుతూ పోతుంటే, కిటికీ దగ్గర కూర్చున్న పెద్దాయన తల బయట పెట్టి "ఏం నాయనా, బస్సు చార్జీకి లేదా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే జేబులో చెయ్యి పెట్టాడు.

తమరు చెప్పే గంటల్లో రంగంపేట టీ లేదు, తుమ్మముల్లు దిగిన టైరు లేదు, పంక్చర్ షాపాయన భోజనానికి పోయిన ముప్పావు గంట లేదు. నెరబైలు మీదుగా తలకోన పోయొస్తామంటే, 270 అడుగుల జలపాతాన్ని 'ఆలస్యం' పద్దులో రాశారు. అసలు ప్రయాణమంతా ఆ పద్దులోదే కదండీ!

ఇంత చేసిన తమరు అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు. అది మా అమ్మ అడిగింది: "పోతే పోయినారు గానీ, కొండ కుడిచేతి పక్కనే ఉంటాదా?"

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. మన దేశంలో బండి రోడ్డుకు ఎడమ పక్కన పోవాలి. ప్రదక్షిణంగా తిరిగితే కొండ కుడి పక్కకొస్తుంది, అంటే కొండకూ మాకూ మధ్య రోడ్డంతా అడ్డం. కోడూరు దాటి బాలపల్లె వైపు వచ్చేటప్పుడు, ఎదురొచ్చే లారీకీ లారీకీ మధ్య సందులోంచి సీనరీ చూసుకోవాలి. అందులో మంగంపేట ముగ్గురాయి లారీ ఒక్కటి పోయిందంటే ఆ సందూ దుమ్ము కొట్టుకుపోతుంది. అదే తిరగేసి కోడూరు వైపే ముందు పోతే, కొండ ఎడమచేతి పక్కనే, మధ్యలో అడ్డమేమీ ఉండదు. పైగా భాకరాపేట ఘాటు ఎక్కడం పోయి దిగడం అవుతుంది. కళ్లకూ సుఖం, కాళ్లకూ సుఖం. కానీ అప్రదక్షిణం.

మాలో ఒకడు ఏ గుడికీ రాడు. వాడు ఎడమ పక్క ఓటేస్తాడనుకున్నాం. "నాకు దేవుడంటే నమ్మకం లేదు గానీ పంక్చర్లంటే భయముంది" అని కుడి పక్కకే చెయ్యెత్తాడు. రెండోవాడు అటు గంట, ఇటు గంట వాదించి, చివరికి పీలేరులో ఏ హోటల్లో తిందామన్న దగ్గర లొంగిపోయాడు.

కాబట్టి ప్రదక్షిణంగానే పోతున్నాం. దారిలో అనుమానం వస్తే టీ కొట్టు దగ్గర అడుగుతాం. తమరు మాత్రం జేబులో విశ్రాంతి తీసుకోండి. అడవి దగ్గర పడ్డాక సిగ్నల్ ఎలాగూ పోతుంది. అప్పుడు తెర మధ్యలో తమరి బదులు చిన్న చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది కదా, దాన్ని మా అమ్మకు చూపించాం. కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, "ఇదైనా సరిగ్గా తిరగతా ఉంది" అంది.

ఇట్లు,
తమరి మాట వినబోని
ముగ్గురు